ఎంత భూమి ఉందో రాశారు, ఎక్కడుందో కూడా రాయండి

తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషన్ శాఖల ఉన్నతాధికారులకు ఒక దస్తావేజు లేఖరి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను వరంగల్ ప్రాంతంలో దస్తావేజులు రాసి జీవించేవాడిని. భూమి చేతులు మారే రోజున అమ్మేవారి పక్కన, కొనేవారి పక్కన కూర్చునే పని నాది. ఈ లేఖలోని విషయాల మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులతో కలిసి ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. 2025 జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు మళ్లీ ఇచ్చాం. పరిశీలనలో ఉందన్న మాట తప్ప ఇంతవరకు మరో సమాధానం రాలేదు. ఏ ఒక్క అధికారి మీదో ఫిర్యాదు చేయడానికి దీన్ని రాయడం లేదు. మండల కార్యాలయాల్లో పనిచేసేవారు చాలామంది తమ చేతిలో ఉన్నంతవరకు చేస్తూనే ఉన్నారు. వారి చేతిలో లేనిది ఒకటుంది. అది మీ స్థాయిలోనే తేలాలి కనుక నలుగురికీ తెలిసేలా మీకు రాస్తున్నాను.

విషయం ఇది. పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు ఉంటుంది, బై నంబరు ఉంటుంది, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలో ఉంటుంది. ఆ గుంటలు ఆ సర్వే నంబరులో ఏ మూలన ఉన్నాయో చూపే పటం మాత్రం ఉండదు. అమ్మకం జరిగేది ఆ చోటుకు. డబ్బు ఇచ్చేది ఆ చోటుకు. రికార్డులో లేనిది కూడా ఆ చోటే.

మన సర్వే నంబర్లు నిజాం కాలంలో గొలుసు పట్టి కొలిచినవి. అప్పటి సేత్వార్‌లో ఒక్కో నంబరుకు విస్తీర్ణం రాశారు, టిప్పన్‌లో దాని కొలతలు గీశారు, గ్రామ నక్షాలో దాని స్థానం చూపారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఆ నంబర్ల మీద ఎవరి పేరుందో చెప్పింది. ఆ తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు, సగం సగం అమ్ముకున్నారు, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితాల మీద సాదాబైనామాలు (అమ్మకపు రాతలు) రాసుకున్నారు. అలా చీలిన ప్రతిసారీ 214 అన్నది 214/అ, 214/ఆ అయింది, తర్వాత 214/ఆ/1, 214/ఆ/2/1 అయింది. ఈ బై నంబర్లలో చాలా వాటికి నేల మీద కొలత జరగలేదు. దఫ్తరులో పుట్టి దఫ్తరులోనే పెరిగిన నంబర్లు అవి. టిప్పన్ అడిగితే అసలు సర్వే నంబరుది ఇస్తారు, బై నంబరుది లేదంటారు. నిజంగానే లేదు.

2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా భూ రికార్డుల ప్రక్షాళన చేశారు. ఊరూరా తిరిగి వివాదం లేని భూములను పార్ట్ ఏలో, వివాదం ఉన్నవాటిని పార్ట్ బీలో చేర్చారు. పేర్లు సరిచూశారు, ఆధార్ జతచేశారు. కొలవలేదు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే రోజున తహసీల్దారు కార్యాలయంలోనే పూర్తయ్యాయి. దస్తావేజు రాశాక మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగిన రైతులను ఎందరినో చూశాను కాబట్టి ఆ మేలును నేను చిన్నదిగా చూడను. అప్పుడూ కొలవలేదు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం, అదే పేరుతో పోర్టల్ అమల్లోకి వచ్చాయి. తప్పును సరిదిద్దే అధికారం తిరిగి తహసీల్దారుకు, ఆర్డీఓకు, కలెక్టరుకు ఇచ్చారు, అప్పీలుకు దారి తెరిచారు. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నియమం, ప్రతి కమతానికి భూధార్ సంఖ్య ఇవ్వాలన్న ఆలోచన ఆ చట్టంలోనే ఉన్నాయి. ఉత్తర తెలంగాణ రైతుకు ఈ చట్టంలో అన్నిటికంటే విలువైన భాగం అదేనని నా అభిప్రాయం. ఆ భాగమే అన్నిటికంటే వెనుకబడి ఉంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. అవసరానికి అమ్ముకునేవారు నష్టపోతున్నారు.

మా దగ్గరి గ్రామంలో ఒకామెకు ముప్పై గుంటల చెలక ఉంది. భర్తకు డయాలసిస్ నడుస్తోంది. ఉన్న ముప్పై గుంటలూ అమ్మడానికి ఒప్పుకుని బయానా తీసుకుంది. కొనే ఆయన జాగ్రత్తపరుడు. రిజిస్ట్రేషన్‌కు ముందే కొలిపిద్దామన్నాడు, అది న్యాయమైన కోరికే. సర్వేయరు వచ్చాడు. సేత్వార్ ప్రకారం ఆ సర్వే నంబరు మొత్తం 6 ఎకరాల 12 గుంటలు. అందులో తొమ్మిది మంది పట్టాదారులున్నారు. తొమ్మిది పాసుపుస్తకాలూ గట్టు మీద పరిచి కూడితే 6 ఎకరాల 31 గుంటలు వచ్చింది. అంటే నేల మీద లేని 19 గుంటలు కాగితం మీద ఉన్నాయి. గజాల్లో చెప్పాలంటే 2,299 గజాలు.

అంతటితో ఆగలేదు. ఆ నంబరు మధ్యలోంచి శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువకు చెందిన పిల్ల కాలువ పోయింది. కాలువ కింద పోయిన భూమికి పరిహారం ఎప్పుడో ఇచ్చారు. ఆ విస్తీర్ణాన్ని మాత్రం ఎవరి పాసుపుస్తకంలోనూ తగ్గించలేదు. కనుక నేల మీద ఉన్నది ఆ 6 ఎకరాల 12 గుంటల కంటే కూడా తక్కువే. ఎవరి వాటాలో కోయాలి? తొమ్మిది మందిలో ఒక్కరూ తన గుంట వదులుకోనన్నారు. వారిని తప్పుపట్టలేం, ప్రతి ఒక్కరి చేతిలో ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన పుస్తకం ఉంది. సర్వేయరు గూటాలు తీసి సంచిలో వేసుకున్నాడు. పక్క పట్టాదారులు అభ్యంతరం చెప్పారని రాసుకుని వెళ్లిపోయాడు. కొనే ఆయన బయానా తిరిగి ఇమ్మన్నాడు. అది అప్పటికే ఆసుపత్రిలో ఖర్చయింది. ఆమె వడ్డీకి తెచ్చి కట్టింది. భూమి ఆమె పేరనే ఉంది, అమ్మడానికి వీల్లేని భూమిగా ఉంది.

విస్తీర్ణంలో ఈ తేడాను కార్యాలయాల్లో ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. ఇది ఆ ఒక్క నంబరు సంగతి అయితే మీకు ఇంత పెద్ద లేఖ రాయవలసిన అవసరం ఉండేది కాదు. కాలువలు, రోడ్లు, రైల్వే లైన్లు, విద్యుత్ ఉపకేంద్రాలు వచ్చిన ప్రతి ఊళ్లో ఇది ఉంది. తేడా ఉన్న నంబర్లేవో మీ కంప్యూటర్లకు తెలుసు. సేత్వార్ విస్తీర్ణమూ అందులోనే ఉంది, పాసుపుస్తకాల విస్తీర్ణమూ అందులోనే ఉంది. రెండూ పక్కపక్కన చూపిస్తే కొనేవారికి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. బయానా ఇచ్చాక, సర్వేయరు వచ్చాక, గట్టు మీద నలుగురి ముందు అది బయటపడనక్కరలేదు.

2. హద్దులు మాట మీదే రాయవలసి వస్తోంది.

దస్తావేజు చివర షెడ్యూలు ఉంటుంది. తూర్పు ఫలానా వారి భూమి, పడమర బండ్ల బాట, ఉత్తరం వాగు, దక్షిణం ఫలానా వారి భూమి అని రాస్తాం. ఇది ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మేవారు చెప్పినదాన్నుంచి, లేదా పాత దస్తావేజు నుంచి. పాత దస్తావేజులో తూర్పు హద్దుగా ఉన్న మనిషి చనిపోయి ఇరవై ఏళ్లయి ఉంటుంది, ఆయన భూమి మూడు చేతులు మారి ఉంటుంది. బండ్ల బాటను ట్రాక్టర్లతో దున్ని కలుపుకుని ఉంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆస్తిని గుర్తించడానికి సరిపడే వివరణ దస్తావేజులో ఉండాలని చెబుతుంది. పటం లేని బై నంబరుకు నాలుగు వైపులా నాలుగు పేర్లు రాసినంత మాత్రాన ఆ భూమిని ఎవరు గుర్తించగలరు?

రిజిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం ఆ భూమికి పూచీ పడిందని మా ప్రాంతంలో పదిమందిలో తొమ్మిది మంది నమ్ముతారు. చట్టం అలా చెప్పదు. నమోదు చేసే అధికారి పత్రాన్ని నమోదు చేస్తారు, హక్కుకు హామీ ఇవ్వరు. పాసుపుస్తకంలోని పేరు కూడా అంతిమ హక్కు కాదని, మ్యుటేషన్ వల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. లాయర్లకు ఇది తెలుసు, బ్యాంకులకు తెలుసు. జీవితంలో ఒకేసారి భూమి కొనే మనిషికి తెలియదు. 7.5 శాతం స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు వసూలు చేసుకునే ప్రభుత్వం ఆ ఒక్క మాటను స్లాటు బుక్ చేసే చోటనే పెద్ద అక్షరాలతో తెలుగులో ఎందుకు రాయకూడదు?

3. వరంగల్ చుట్టూ ఒకే భూమిని రెండుసార్లు అమ్ముతున్నారు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరం కనుక కాస్త వివరంగా చెప్పాలి. నగరపాలక సంస్థలో 42 గ్రామాలు కలిశాయి. బాహ్య వలయ రహదారి మాట వచ్చింది, గీసుకొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, మామునూరు విమానాశ్రయం మాట వచ్చింది. ధర్మసాగర్, హసన్‌పర్తి, ఆత్మకూరు వైపు వెళ్లే దారుల పక్కన ఎన్నో ఏళ్ల నుంచీ చెలకల్లో రాళ్లు పాతి గజాల లెక్కన ప్లాట్లు అమ్ముతున్నారు. టీచర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు, ఎనుమాముల మార్కెట్లో హమాలీ పనిచేసి పైసా పైసా కూడబెట్టినవారు వాటిని కొన్నారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వారికి దస్తావేజులు అయ్యాయి. అయితే ఆ భూమికి వ్యవసాయేతర మార్పిడి జరగలేదు. రెవెన్యూ రికార్డులో అది ఇప్పటికీ ఎకరాల్లోనే ఉంది, పాత పట్టాదారు పేరు మీదే ఉంది.

ప్రక్షాళనలో ఆ పాత పేరుకే కొత్త పాసుపుస్తకం వచ్చింది. పట్టాదారు చనిపోతే వారసుల పేరు ఎక్కింది. తమ తండ్రి ఆ భూమిని ప్లాట్లు చేసి అమ్మేశాడని ఆ వారసులకు తెలిసి ఉండవచ్చు, తెలియకపోవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో స్లాటు బుక్ చేస్తే రెండెకరాలు మళ్లీ రిజిస్టరవుతాయి. ఒక శాఖ రికార్డులో ఆ భూమి నలభై ప్లాట్లు, మరో శాఖ రికార్డులో రెండెకరాల చెలక. రెండు రికార్డులూ ప్రభుత్వానివే. కొత్తగా కొన్నవాడు జేసీబీ తెచ్చి హద్దు రాళ్లు పీకినప్పుడు ప్లాటు యజమానికి విషయం తెలుస్తుంది. పోలీసు స్టేషనుకు వెళితే సివిల్ వివాదం, కోర్టుకు వెళ్లమంటారు. ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగే స్తోమత రెండు వందల గజాల ప్లాటు కొన్నవాడికి ఎక్కడిది?

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఉన్న పాత దస్తావేజులను సర్వే నంబర్ల వారీగా భూభారతి రికార్డుతో పోల్చి, ప్లాట్లుగా అమ్మకాలు జరిగిన నంబర్ల మీద గుర్తు పెట్టవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు శాఖలూ ఒకే సచివాలయంలో ఉన్నాయి.

4. ఈసీ (ఆ భూమి మీద ఇంతకుముందు జరిగిన లావాదేవీల పత్రం) చూసుకున్నా మోసపోతున్నారు.

జాగ్రత్త ఉన్న కొనుగోలుదారు ముందు ఈసీ తీస్తాడు. 2020కి ముందు జరిగిన వ్యవసాయ భూముల లావాదేవీలు ఒకచోట, ఆ తర్వాతివి మరోచోట దొరుకుతాయి. రెండూ చూడాలని చెప్పేవారు లేరు. చూసినా, 214/ఆ/2 అని వెతికితే ఒకప్పుడు 214 పేరుతో జరిగిన అమ్మకం కనిపించకపోవచ్చు. అందుకే నా దగ్గరికి వచ్చినవారికి మూల నంబరుతో కూడా వెతికించమని చెబుతుంటాను. ఇది దస్తావేజు లేఖరి చెప్పవలసిన మాట కాదు, వెతుకులాటే అలా పనిచేయాలి.

5. కొన్ని గుంటల కోసం మొత్తం నంబరును నిషేధిత జాబితాలో పెట్టారు.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, అసైన్డ్ భూములు చేతులు మారకుండా ఆపుతారు. ఆపవలసిందే. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం పేదల భూమిని కాపాడటానికి వచ్చింది, ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ గ్రామాల్లో 1970 నాటి భూబదిలీ నిబంధన గిరిజనుల భూమిని కాపాడటానికి వచ్చింది. వాటిని సడలించమని నేను అడగడం లేదు. పదెకరాల సర్వే నంబరులో ఎనిమిది గుంటలు చెరువు శిఖం కిందో, కాలువ కిందో ఉంటే మిగిలిన తొమ్మిదెకరాల 32 గుంటల పట్టా భూమిని కూడా ఎందుకు ఆపారని అడుగుతున్నాను. జవాబు మళ్లీ అదే, ఆ ఎనిమిది గుంటలు ఎక్కడున్నాయో చూపే పటం లేదు. పటం లేని చోట అధికారి భద్రత కోసం మొత్తాన్నీ ఆపేస్తాడు. ఈ జాబితాలు ఎలా తయారు చేయాలో, ఎలా ప్రకటించాలో 2015లో ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనం మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా తన నంబరు ఎందుకు జాబితాలో ఉందో, ఏ తేదీన ఎక్కిందో, ఎవరి లేఖ మీద ఎక్కిందో రైతుకు చెప్పే కాగితం ఇప్పటికీ సులభంగా దొరకడం లేదు. కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో అమ్ముదామని స్లాటు బుక్ చేయబోయిన రోజున అది తెలుస్తోంది.

6. సాదాబైనామా కొనుగోలుదారులు రికార్డుకు బయటే ఉండిపోయారు.

సుమారు 9 లక్షల దరఖాస్తులు 2020లోనే తీసుకున్నారు. ధరణికి ఆధారమైన 2020 చట్టంలో దానికి వీలు లేకపోవడంతో హైకోర్టు ఆపింది. భూభారతి చట్టం వచ్చాక 2025లో దారి తెరుచుకుంది. ఆ దరఖాస్తుల్లో పేరు ఒక్కటే మారిస్తే మరో 9 లక్షల పటం లేని బై నంబర్లు పుడతాయి. క్రమబద్ధీకరించే ప్రతి భూమినీ ఆ సందర్భంలోనే కొలవండి. సాగులో ఉన్నది ఎవరో ఊరందరికీ తెలిసిన భూములవి, ఇంతకంటే మంచి అదను దొరకదు.

7. పాత రికార్డు చదివేవారు తగ్గిపోతున్నారు.

సేత్వార్లు ఉర్దూలో ఉన్నాయి. పాత పహాణీల్లో చాలా భాగం ఉర్దూ మాటలతో, చెదలు తిన్న అంచులతో, వేలితో ముట్టుకుంటే పొడి రాలే కాగితాల మీద ఉన్నాయి. ఒక నకలు ఇప్పించడానికి వెళితే, దాన్ని చదివిపెట్టే పెద్దాయన ఆరోగ్యం బాగాలేక రాలేదని రికార్డు గదిలో ఉన్నవారే చెప్పిన సందర్భం నేను చూశాను. భూమి వివాదం వస్తే కోర్టు మొదట అడిగేది ఆ కాగితాన్నే. అది ఒక్క మనిషి కళ్ల మీద ఆధారపడి ఉండకూడదు.

ఇక ఉత్తర తెలంగాణకు ఇది కొత్త ప్రయత్నమేమీ కాదు. రెండు దశాబ్దాల క్రితం నిజామాబాద్ జిల్లాలో భూభారతి అన్న పేరుతోనే ప్రయోగాత్మకంగా రీసర్వే మొదలుపెట్టారు. అది రైతు చేతికి పటంగా అందలేదు. రాష్ట్రంలో 413 గ్రామాలకు అసలు నక్షాలే లేవని ప్రభుత్వమే చెప్పింది, 2025లో అలాంటి ఐదు గ్రామాల్లో ప్రయోగాత్మకంగా కొలతలు మొదలుపెట్టింది. అది మంచి అడుగు. నక్షా ఉన్న ఊళ్లు క్షేమంగా ఉన్నాయని మాత్రం దయచేసి అనుకోకండి. వందేళ్ల కిందటి నక్షాలో ఈనాటి తొమ్మిది వాటాలు కనిపించవు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలు) వచ్చాయి, కమతానికో నంబరు, దానికో పటం ఇచ్చారు. చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు యజమానుల భూమిని విడగొట్టకుండా ఒకే ఉమ్మడి నంబరు కింద చూపారు. దాంతో ఎవరి వాటా వారు అమ్ముకోవడానికి ఇబ్బంది వచ్చింది. విస్తీర్ణం తగ్గిందని రైతులు గొడవపడ్డారు. పరికరం ఎంత మంచిదైనా పక్క రైతును పిలిచి గట్టు మీద నిలబెట్టకుండా, అతని సంతకం తీసుకోకుండా కొలిస్తే ఆ కొలత నిలబడదు. లక్ష్యాల పేరుతో సర్వేయర్లను పరుగులు పెట్టిస్తే మనకూ అదే అనుభవం ఎదురవుతుంది. ఈ ఒక్క విషయంలో నేను తొందర కోరడం లేదు.

ఇంకో భయం ఉంది. పటం జతచేస్తేనే రిజిస్ట్రేషన్ అన్న నియమం కాగితం మీది మాటగా అమలైతే దాని భారమంతా అమ్మే చిన్న రైతు మీద పడుతుంది. 2025లో లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు, సంతోషం. కానీ అవసరంలో ఉన్న రైతు వారికి ఫీజు కట్టలేక కొనేవాడినే కట్టమంటాడు. ఫీజు కట్టినవాడి మాటకు తగినట్టు గీత జరిగే ప్రమాదం ఉంది. లైసెన్సు సర్వేయర్లందరూ అలాంటివారని నేను అనను. అలాంటి అవకాశం లేకుండా నియమం రాయడం మీ బాధ్యత.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. సర్వే నంబరుకు సేత్వార్‌లో ఉన్న విస్తీర్ణం, అందులోని పాసుపుస్తకాల మొత్తం విస్తీర్ణం, రెండింటి తేడా భూభారతిలో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టండి. ఇది వెంటనే చేయదగ్గ పని, దీనికి ఒక్క సర్వేయరు కూడా గడప దాటనక్కర్లేదు.

రెండు. తేడా ఉన్న నంబర్లను ఊరివారీగా తీసి, పట్టాదారులందరికీ నోటీసు ఇచ్చి, గ్రామసభ తేదీ ప్రకటించి కొలవండి. ప్రాజెక్టులకు, రోడ్లకు తీసుకున్న భూమిని భూసేకరణ అవార్డు (పరిహార ఉత్తర్వు) కాగితాల ఆధారంగా ముందే తగ్గించండి. పరిహారం ఎవరు తీసుకున్నారో అందులోనే ఉంటుంది, నష్టం ఎవరి వాటాలో చూపాలో దాన్నిబట్టే తేలుతుంది. మిగిలిన తేడా రాజీతో తెగకపోతే తహసీల్దారు కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తెలుగులో ఉండాలి, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో దాని కిందనే రాయాలి.

మూడు. సన్న, చిన్నకారు రైతుల భూమికి బై నంబరు పటం ప్రభుత్వ ఖర్చుతో గీయండి. లైసెన్సు సర్వేయరు గీసిన ప్రతి పటానికీ పక్క పట్టాదారులకు ముందు నోటీసు, ప్రభుత్వ సర్వేయరు తనిఖీ తప్పనిసరి చేయండి. ఆ పటం దస్తావేజులో భాగం కావాలి, భూభారతిలో కూడా కనిపించాలి.

నాలుగు. ప్లాట్లుగా అమ్మకాలు జరిగిన సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్న దస్తావేజుల నుంచి గుర్తించి, అవి తేలేదాకా ఎకరాల్లో తిరిగి రిజిస్టర్ కాకుండా చూడండి. మొదట వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల గ్రామాల్లో చేయండి. మోసం ఎక్కువగా జరుగుతున్నది ఇక్కడే. ఇందులో నిజంగా సాగులో ఉన్న రైతు చిక్కుకోకుండా నెల రోజుల్లో విచారణ ముగించాలి.

ఐదు. నిషేధిత జాబితాలో ప్రతి నంబరు పక్కన కారణం, విస్తీర్ణం, తేదీ, ఆధారమైన ఉత్తర్వు ఉండాలి. మొత్తం నంబరును ఆపిన చోట ప్రభుత్వ భూమి ఉన్న భాగాన్ని కొలిచి మిగతాది వదలండి.

ఆరు. సేత్వార్, ఖాస్రా పహాణీ, దాని తర్వాతి మూడేళ్ల చేసాల పహాణీ, టిప్పన్, గ్రామ నక్షాలను స్కాన్ చేసి, ఉర్దూలో ఉన్నవాటికి తెలుగు ప్రతిని ధ్రువీకరించి బయటపెట్టండి. చదవగలిగిన పెద్దలు ఉండగానే ఈ పని చేయండి.

ఏడు. ఈసీని మూల నంబరు, బై నంబరు, పాత కొత్త రికార్డులు అన్నీ కలిపి ఒకే దరఖాస్తులో ఇవ్వండి.

కొత్త శాఖ పెట్టమని మేం అడగడం లేదు. 2020 సెప్టెంబరులో వీఆర్‌ఓ వ్యవస్థ రద్దయ్యాక ఊళ్లో రెవెన్యూ మనిషి లేని ఏళ్లు గడిచాయి. ఇప్పుడు గ్రామ పాలన అధికారులను నియమించారు. వారు మొదట చేయవలసిన పని ఏమిటని అడిగితే నా జవాబు ఒకటే. తమ ఊళ్లో పొలిమేర రాళ్లు, సర్వే రాళ్లు ఏవి నిలిచి ఉన్నాయి, ఏవి పోయాయి అన్నది నడిచి చూసి రాయాలి. ఆ రాళ్లు పోతే రేపు ఏ రోవరుతో కొలిచినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ఈ లేఖ ప్రతిని రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషన్ శాఖలకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మొదటి డిమాండుకు, ఐదో డిమాండులో జాబితా వివరాలు ఇవ్వడానికి డబ్బు, సిబ్బంది పెద్దగా అవసరం లేదు కనుక వాటి మీద నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మిగిలినవాటికి ఏ మండలంలో ఎప్పుడు మొదలుపెడతారో తేదీలతో ప్రకటించండి. చేయలేమనుకుంటే ఎందుకు చేయలేరో కూడా రాయండి, ఆ కాగితం పట్టుకుని మేం కోర్టుకు వెళతాం. విస్తీర్ణంలో తేడా ఉందని తెలిసిన సర్వే నంబర్ల జాబితాను ఊరూరా రైతులు తయారు చేస్తున్నారు. జిల్లా సర్వే అధికారి సమయం ఇస్తే ఆ జాబితాలతో పాటు పాసుపుస్తకాల నకళ్లు కూడా తెచ్చి అందజేస్తాం.

ఇట్లు,
భూమి అమ్మేవారి తరఫున, కొనేవారి తరఫున
ఒక దస్తావేజు లేఖరి,
వరంగల్ జిల్లా